బడి, ఇల్లు, గుర్రపు సాల: పాఠకుల ప్రశ్నలకు మాస్టారి జవాబులు

గత సంచికలో నా ఉద్యోగ జీవితం గురించి, మా ఇంట్లో పెరిగిన గుర్రాల గురించి నేను రాసిన వ్యాసం చదివి ఉత్తరాలు రాసిన వారందరికీ నమస్కారాలు. ఆ వ్యాసం చదవని వారి కోసం రెండు మాటలు. నేను 1987లో పాడేరు వైపు కొండల్లో ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరాను. 1995లో బదిలీ మీద నర్సీపట్నం దగ్గరికి దిగి వచ్చి, 2024లో 62వ ఏట పదవీ విరమణ చేసే వరకు ఆ చుట్టుపక్కల బడుల్లోనే పనిచేశాను. కొండ మీద ఊరివాళ్లు నాకు అప్పగించిన జాజి అనే ఆడ తట్టు (పొట్టి జాతి గుర్రం), దాని పిల్ల కస్తూరి, ఆ తరువాత ఊరేగింపులకు తిప్పే ఒక యజమాని దగ్గర కొన్న బిజిలీ, ఈ మూడూ మా పెరట్లోనే పెరిగాయి. వచ్చిన ఉత్తరాల్లో ఒకే విషయం మీద చాలామంది అడిగిన వాటిని కలిపి, ఇక్కడ ఆరు ప్రశ్నలకు జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నేను సెకండరీ గ్రేడ్ టీచరును. చిన్నప్పటి నుంచి గుర్రాన్ని పెంచుకోవాలని కోరిక. బడి మా ఇంటికి ఎనిమిది కిలోమీటర్లు. పెరట్లో స్థలం ఉంది, జీతం సరిపోతుంది, కానీ నా భార్య వద్దంటోంది. ఉద్యోగం చేస్తూ గుర్రాన్ని చూసుకోవడం సాధ్యమేనా?
(ఒక ఉపాధ్యాయుడు, మదనపల్లె)

జవాబు: సాధ్యమే. కానీ మీ భార్య వద్దంటున్నంత కాలం కొనకండి. ఇది సంసారంలో సర్దుబాటు గురించి చెబుతున్న మాట కాదు, గుర్రం కడుపు గురించి చెబుతున్న మాట. ఆవు, గేదె గబగబా మేసి, కడుపు నింపుకుని, తరువాత తీరిగ్గా నెమరు వేసుకుంటాయి. గుర్రానికి ఆ ఏర్పాటు లేదు. ఒంటిని బట్టి చూస్తే దాని జీర్ణాశయం చాలా చిన్నది, పెద్ద గుర్రానికి కూడా పదిహేను లీటర్లకు మించదు. అందుకే ఆరుబయట వదిలేస్తే అది రోజులో పదహారు గంటల దాకా కొద్దికొద్దిగా మేస్తూనే ఉంటుంది. ఒక్కసారి ఎక్కువ పెడితే అరగదు, చాలాసేపు ఖాళీగా ఉంచితే కడుపులో పుండ్లు పడతాయి. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది పడకపోతే బయటికి వచ్చే దారి లేదు.

ఇప్పుడు మన ఉద్యోగం వేళలు చూడండి. నేను ఉదయం నాలుగున్నరకు లేచేవాణ్ణి. సాలలో లద్దె ఎత్తి, తడిసిన గడ్డి తీసేసి, తొట్టి కడిగి నీళ్లు నింపి, పచ్చగడ్డి వేసి, ఒళ్లు రుద్ది, నాలుగు గిట్టలూ ఎత్తి రాళ్లు ఇరుక్కున్నాయేమో చూసి, స్నానం చేసి ఎనిమిదిన్నరకు బయలుదేరేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి సాయంత్రం అయిదు. ఈ మధ్యలో ఎనిమిదిన్నర గంటలు గుర్రం ఎవరి చేతిలో ఉంది? మా ఆవిడ చేతిలో. పదకొండింటికి ఒక మోపు గడ్డి, రెండింటికి మళ్లీ నీళ్లు, ఎండ తిరిగినప్పుడు నీడలోకి మార్చి కట్టడం, ఇవన్నీ ఆవిడ చేసింది కాబట్టే నేను బడిలో మనసు పెట్టి పాఠం చెప్పగలిగాను. పెళ్లిళ్లకు, పురుళ్లకు ఇద్దరం కలిసి వెళ్లిన సందర్భాలు మాకు తక్కువే. ఒకరు వెళితే ఒకరు ఉండేవాళ్లం. గుర్రాన్ని కొనేటప్పుడు అందరూ డబ్బు లెక్క చూసుకుంటారు. అసలు లెక్క వేళది. ఆ వేళలో సగం ఇంటివాళ్లు ఇవ్వవలసినదే, ఇష్టం లేని మనిషి నుంచి దాన్ని తీసుకోవడం అన్యాయం.

కాబట్టి నా సలహా ఇది. ఒక ఏడాది ఆగండి. మీ దగ్గరలో గుర్రాలు పెంచే వారెవరైనా ఉంటే, సెలవు రోజుల్లో మీ ఆవిడను కూడా తీసుకుని వెళ్లి, ఎక్కి తిరగడానికి కాకుండా సాల ఊడ్చే వేళకు అక్కడ ఉండండి. ఆ పని చూసిన తరువాత కూడా ఆవిడ సరేనంటే అప్పుడు కొనండి. మరొక్క మాట: గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరిగా కట్టేస్తే దిగులు పడుతుంది. రెండో గుర్రాన్ని పోషించలేకపోతే కనీసం ఒక మేకనైనా తోడు ఉంచండి. మా జాజికి ఆరేళ్లు ఒక మేకపోతు తోడుగా ఉంది. దాన్ని కాసేపు కనబడకుండా కడితే జాజి సకిలించి వీధంతా లేపేది.

ప్రశ్న: కొండల్లో మీరు గుర్రం మీద బడికి వెళ్లేవారని రాశారు. తరువాత ఎక్కడం మానేశానని ఒక్క వాక్యంలో దాటేశారు. ఎందుకు మానేశారు?
(డిగ్రీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: అమ్మా, ఆ ఒక్క వాక్యం వెనుక నా బడి పిల్లలు ఉన్నారు. బస్సు ఆగే చోటి నుంచి మా బడికి తొమ్మిది కిలోమీటర్ల కాలిదారి. రెండు గెడ్డలు (కొండ వాగులు) దాటాలి. కొండ ఊళ్లలో సంతకు పసుపు, పిప్పళ్లు, కాఫీ గింజలు మోయడానికి తట్టు గుర్రాలను వాడతారు. నేను వారం వారం నడిచి రావడం చూసి, నేను చేరిన మరుసటి ఏడాది ఊరివాళ్లు తలా కొంత వేసుకుని జాజిని కొని నాకు అప్పగించారు. ఎత్తు నాలుగు అడుగులే. కొండ దారిలో దాని అడుగు నా అడుగు కంటే నమ్మకమైనది.

అయిదో తరగతి పిల్లలకు గుణకారాలు, భాగహారాలు చెబుతూ ఒకరోజు జాజి బరువు లెక్క కట్టించాను. తూకం లేకుండా గుర్రం బరువు తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను దానితోనే హెచ్చించి, దాన్ని భుజం మొన నుంచి పిరుదు మొన వరకు ఉన్న పొడవుతో హెచ్చించి, వచ్చిన దాన్ని 11,900తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. టేపు లేక ఈత తాడుతో కొలిచి, ఆ తాడును స్కేలు పక్కన పెట్టి చూశారు. చుట్టుకొలత 140, పొడవు 125. నల్లబల్ల మీద లెక్క తేలింది: 206 కిలోలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. గుర్రం తన బరువులో అయిదో వంతుకు మించి మోయకూడదని నిపుణులు చెబుతారని నేను ఊరికే అన్నాను. వెంటనే ఒక అమ్మాయి, పేరు రాయను, తొమ్మిదేళ్ల పిల్ల, పలక మీద అయిదుతో భాగించి 41 అని చూపించి, "మాస్టారూ, మరి మీరెంత?" అని అడిగింది.

నేను అప్పట్లో 61 కిలోలు. జీను నాలుగు కిలోలు. మొత్తం 65, అంటే అయిదో వంతు కాదు, మూడో వంతుకు దగ్గర. ఆ పిల్లకు నేను నిజమే చెప్పాను. ఆ సాయంత్రం జాజి పక్కన నడిచి కిందికి దిగాను, ఆ తరువాత దాని వీపు ఎక్కలేదు. పలకలు, పుస్తకాలు, సుద్దముక్కల డబ్బాలు, నా బియ్యం, కిరసనాయిలు మాత్రం అది మోసేది. రెండు వైపులా సమానంగా తూచి, మధ్యలో వెన్నెముకకు ఏదీ తగలకుండా మెత్తలు వేసి కట్టడం ఊరివాళ్లే నేర్పారు. బరువు ఒక పక్కకు ఒరిగితే గంటలో వీపు ఒరుసుకుపోయి పుండు పడుతుంది, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది.

బరువులు మోసే జంతువుల విషయంలో మన దేశంలో 1965 నాటి నిబంధనలే ఉన్నాయి. వాటి ప్రకారం తట్టు గుర్రం మీద 70 కిలోలకు, గాడిద మీద 50 కిలోలకు, కంచరగాడిద మీద 200 కిలోలకు మించి వేయకూడదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా అయిదు గంటలు దాటకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదు. నా మట్టుకు నేను ఆ 70 కిలోలను ప్రతి తట్టుకూ హక్కుగా తీసుకోవద్దంటాను. అది పై హద్దు మాత్రమే. జాజి లాంటి చిన్న ఒంటికి 40 కిలోలే న్యాయం.

ప్రశ్న: మొదటిసారి కొనేవారికి ఏ జాతి గుర్రం మంచిది?
(ఒక రైతు, కర్నూలు జిల్లా)

జవాబు: జాతి పేరు చూసి కొనవద్దు. కాఠియావాడీ, మార్వాడీ గుర్రాలు అందమైనవి. వాటి చెవుల కొనలు లోపలికి తిరిగి దాదాపు ఒకదానికొకటి తగులుతాయి, వేడికి బాగా తట్టుకుంటాయి. కానీ మార్వాడీ పేరు చెప్పి ధర పెంచేవారు ఎక్కువ. మలక్‌పేట పందేల నుంచి విరమించిన గుర్రాలు తక్కువకు వస్తాయని కొందరు ఆశపడతారు, అవి పరుగు కోసం పెంచిన థరోబ్రెడ్‌లు, కొత్తవారి చేతికి పనికిరావు. పదేళ్లు దాటిన, జనానికి అలవాటైన, నాలుగు గిట్టలూ ఎత్తనిచ్చే గుర్రాన్ని చూడండి. కొనేముందు పశువైద్యుని చేత పళ్లు, గిట్టలు, కళ్లు చూపించండి. అంతే.

ప్రశ్న: మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో రెండు గుర్రాలు. మనిషి మంచివారే. కానీ బడి వదిలితే సాల, సాల వదిలితే నిద్ర. పిల్లలతో మాట్లాడే తీరిక లేదు. మీ వ్యాసంలో మీరు కుటుంబం గురించి గొప్పగా రాశారు. నిజంగా మీ పిల్లలకు ఏ లోటూ రాలేదా?
(ఒక గృహిణి, తుని)

జవాబు: వచ్చింది తల్లీ. వ్యాసంలో అది రాయకపోవడం నా తప్పు, మీరు అడిగారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

2002లో ఒక రోజు బడిలో తనిఖీ ఉండి నేను ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. మా ఆవిడ పుట్టింటికి వెళ్లి ఉంది. సాయంత్రం దాణా తప్పిపోయిందన్న బాధతో, రెండు పూటలదీ కలిపి, ఉడికించిన ఉలవ గుగ్గిళ్లు ఒకేసారి కస్తూరి తొట్టిలో పోశాను. అది ప్రేమ అనుకున్నాను. రాత్రి పదకొండింటికి అది ముందుకాలితో నేల గీరడం మొదలుపెట్టింది. మెడ తిప్పి పొట్ట వైపు చూసుకుంటుంది, పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుని దొర్లుతుంది. మెడంతా చెమట. డొక్కకు చెవి ఆనించి విన్నాను. మామూలుగా అక్కడ నీళ్లు కదిలినట్టు గుడగుడ వినిపిస్తుంది. ఆ రాత్రి ఏమీ వినబడలేదు. అంత నిశ్శబ్దం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు.

పొరుగు పెద్దాయన వచ్చి వెదురు గొట్టంతో నూనె పట్టిద్దామన్నారు. నాకు ఆ మాత్రం తెలుసు కాబట్టి వద్దన్నాను. అలా నోట్లో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే గుర్రం బతకదు. దాణా గడ్డి అంతా దూరంగా తీసేసి, డాక్టరు గారి కోసం మనిషిని పంపి, ఆయన వచ్చే వరకు నెమ్మదిగా నడిపించాను. ఆయన తెల్లవారుజామున మూడింటికి వచ్చి, ఇంజెక్షను ఇచ్చి, ముక్కులో నుంచి గొట్టం వేసి మందు పట్టారు. ఏడున్నరకు కస్తూరి లద్దె వేసింది. నేను అక్కడే గోడకు ఆనుకుని నిద్రపోయాను.

ఆ రోజు ఉదయం పదింటికి మా అమ్మాయి బడిలో వార్షికోత్సవం. ఆరో తరగతి. తెలుగు పద్యాలకు మొదటి బహుమతి. నాన్న ముందు వరసలో కూర్చోవాలని నెల రోజులుగా చెబుతూనే ఉంది. నేను లేచేసరికి పన్నెండు. తన యూనిఫారం తానే ఇస్త్రీ చేసుకుని, ఇంటి తలుపు దగ్గరగా వేసి ఒక్కతే వెళ్లిపోయింది. సాలకు వచ్చి నన్ను లేపలేదు. ఎందుకు లేపలేదమ్మా అని అడిగితే, "కస్తూరి పక్కన పడుకున్నారు కదా నాన్నా, లేపితే కోప్పడతారనుకున్నాను" అంది. నేను పిల్లల మీద అరిచే మనిషిని కాను. అయినా ఆ పిల్లకు అలా అనిపించిందంటే, అంతకుముందు ఎన్నిసార్లు నేను సాలలో ఉండి విసుక్కున్నానో నాకే తెలియదు.

ఆ తరువాత ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు నేను సాలలోకి వెళ్లకూడదు. ఆ సమయం పిల్లలది. గుర్రానికి ఆ వేళకు సరిపడా గడ్డి ముందే వలలో వేసి కట్టేవాణ్ణి. దాన్ని కొంచెం కొంచెంగా లాగి తింటుంది, ఎక్కువసేపు వస్తుంది. మీ వారితో ఈ గడ్డివల సంగతి చెప్పండి, చిన్న వస్తువే కానీ దానివల్ల గంటన్నర మిగులుతుంది. ఆయన లెక్కల మాస్టారు కాబట్టి వారానికి ఎన్ని గంటలు ఎక్కడ పోతున్నాయో ఒక కాగితం మీద రాయమనండి. ఆయన మంచివారని మీరే అన్నారు. కాగితం మీద చూస్తే ఆయనే దిద్దుకుంటారని నా నమ్మకం. మా అమ్మాయికి మాత్రం ఈనాటికీ గుర్రాలంటే ఇష్టం లేదు. ఇష్టపడమని నేనెప్పుడూ అడగలేదు.

ప్రశ్న: ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నప్పుడు గుర్రం వల్ల జబ్బులు, ప్రమాదాలు రావా? టీకాలు ఏవి వేయించాలి?
(ఒక తండ్రి, సిద్దిపేట)

జవాబు: ధనుర్వాతం టీకా తప్పనిసరి. పెంపుడు జంతువుల్లో ఆ జబ్బుకు అందరికంటే త్వరగా లొంగేది గుర్రమే, గిట్టలో మేకు దిగితే చాలు. మిగతా టీకాలు, నట్టల మందు మీ పశువైద్యులు చెప్పిన ప్రకారం వేయించండి. మనుషులకు సోకే వాటిలో భయపడవలసినది గ్లాండర్స్. ముక్కు నుంచి చిక్కటి చీము కారడం, చర్మం మీద గడ్డలు వరసగా లేచి పగలడం కనబడితే పిల్లలను దూరంగా ఉంచి వెంటనే పశువైద్యశాలకు తెలియజేయాలి. పశువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 నాటి చట్టం ప్రకారం తెలియజేయడం మన బాధ్యత. ఈ జబ్బు నిర్ధారణకు హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దేశానికి ఆధారం. కొత్త గుర్రాన్ని కొంటే ఈ జబ్బు లేదని రక్తపరీక్షలో తేలాకే ఇంటికి తెచ్చుకోండి. జోరీగలు ముసిరే వానాకాలంలో సర్రా అనే రక్తజ్వరం వస్తుంది, మేత తింటూ కూడా గుర్రం చిక్కిపోతుంటే దాన్ని అనుమానించాలి. రెండు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మా రోజుల్లో అది ఉంటే నేను మనిషిని పంపి మూడింటి వరకు ఎదురుచూసే పని ఉండేది కాదు.

దాణా గదికి తాళం వేయండి. కోళ్ల దాణా ఇంట్లో ఉంటే అది గుర్రానికి ఎట్టి పరిస్థితుల్లోనూ అందకూడదు. కొన్ని రకాల్లో కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి మేలు చేస్తుంది, గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతుంది.

ప్రమాదాల సంగతి. గుర్రం కళ్లు తలకు రెండు పక్కల ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా చూస్తుంది, సరిగ్గా తోక వెనుక, సరిగ్గా నుదురు ముందు మాత్రం దానికి కనబడదు. కనబడని చోటి నుంచి ఏదైనా తగిలితే తన్నుతుంది. అది కోపం కాదు, భయం. మా ఇంట్లో పిల్లలకు నేర్పిన పద్ధతి ఒక్కటే: దూరం నుంచే పేరు పెట్టి పిలవాలి, చెవి మన వైపు తిరిగే దాకా ఆగాలి, భుజం దగ్గరికి వెళ్లాలి. చెవి తిరగలేదంటే వెళ్లకూడదు. బిజిలీ మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆరు నెలలు దాని చెవులు తిరగలేదు. ఊరేగింపుల్లో బాణసంచా మధ్య, బ్యాండు మేళం మధ్య నిలబెట్టిన గుర్రం అది. ఆ ఆరు నెలలూ పిల్లలెవరూ గీత దాటలేదు.

ప్రశ్న: ముసలిదైన గుర్రాన్ని ఏం చేయాలి? మా ఊళ్లో అమ్మేయమంటున్నారు.
(పేరు రాయలేదు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: అమ్మకండి. ముసలి గుర్రాన్ని కొనేవాడు దాన్ని కూర్చోబెట్టి మేపడానికి కొనడు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన పెద్దలు ఊరికే అనలేదు. బాగా చూసుకుంటే గుర్రం పాతిక ముప్పై ఏళ్లు బతుకుతుంది. కొనేటప్పుడే ఆ చివరి పదేళ్లను కూడా కొంటున్నామని తెలుసుకోవాలి. జాజి 2009లో మా పెరట్లోనే పోయింది, చింతచెట్టు కింద పూడ్చాం.

ఇప్పుడు కస్తూరికి 29 ఏళ్లు. దవడ పళ్లు అరిగిపోయాయి, ఎండుగడ్డి నమలలేదు, నమిలిన గడ్డి ఉండలుగా చుట్టి కింద పడేస్తుంది. మీ గుర్రం అలా ఉండలు పడేస్తుంటే మేత మార్చే సమయం వచ్చిందని గ్రహించండి. ముందు డాక్టరు చేత పళ్ల పదునైన అంచులు అరగదీయించండి. తరువాత గడ్డిని సన్నగా తరిగి, తవుడుతో కలిపి, గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెట్టి జావలా చేసి, రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. ఉప్పు మరవవద్దు. చలికాలంలో రాత్రి వీపు మీద గోనెపట్టా కప్పండి. గిట్టలు నడక తగ్గిన కొద్దీ పెరిగిపోతాయి కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కోయించడం ఆపకూడదు.

తెల్లవారుజాము జావ నేను కలుపుతాను, రాత్రి తొమ్మిదింటిది మా ఆవిడ కలుపుతుంది. నేను కలిపినది కస్తూరి కొంత మిగులుస్తుంది, ఆవిడ కలిపినది తొట్టి అడుగు వరకు నాకేస్తుంది. చిటికెడు బెల్లం వేస్తోందేమోనని చాలాసార్లు అడిగాను, లేదంటుంది.